నెమ్మదిగా మానే నడిపాదం

మెట్లు దిగుతూ, ఇంకొక మెట్టు మిగిలి ఉండగానే నేల వచ్చేసిందనుకుని అడుగు వేసినప్పుడు, పాదం ముందుకు వాలి ఒంటి బరువంతా వేళ్ల మొదళ్ల మీద ఒక్కసారిగా పడుతుంది. నాకు గాయమైంది అలాగే. పొలం గట్టు మీద కాలు జారినా, పడిపోతున్న మోటారు సైకిలు కింద పాదం మెలికపడినా, ఆటలో మునివేళ్ల మీద ఉన్నవాడి మడమ మీద మరొకడు వచ్చి పడినా లోపల జరిగేది ఇంచుమించు ఇదే. చూసినవాళ్లంతా బెణుకు అన్నారు. నేనూ అదే అనుకుని, పసుపూ సున్నమూ కలిపి పట్టు వేయించుకుని, గుడ్డతో బిగించి కట్టుకుని, నాలుగో రోజు నుంచి కుంటుతూ పనికి వెళ్లాను. మామూలు బెణుకైతే మూడు వారాలకు తగ్గుముఖం పట్టాలి. అయిదో వారంలో నా పాదం సాయంత్రానికి చెప్పులో పట్టనంతగా వాచేది.

నడిపాదంలోని లిగమెంట్లకు, అంటే ఎముకను ఎముకతో కట్టి ఉంచే గట్టి పీచు పట్టీలకు, తగిలే ఈ దెబ్బను వైద్యులు లిస్‌ఫ్రాంక్ గాయం అంటారు. దీనితో బాధపడేవారిని నొప్పి కంటే ఎక్కువగా కుంగదీసేది ఒక సందేహం: ఇది నెమ్మదిగా మానుతోందా, లేక అసలు మానడమే లేదా? బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియక కొందరు, చక్కగా మానుతున్న పాదం మీద నమ్మకం పోగొట్టుకుని తొందరపడి దాన్ని చెడగొట్టుకుంటారు; మరికొందరు, మానని పాదాన్ని ఓపిక పట్టాలన్న మాట నమ్మి నెలల తరబడి ఈడ్చుకుంటూ తిరుగుతారు. ఆ తేడా పట్టుకోవాలంటే ముందు ఈ కీలు కట్టుబడి ఎలాంటిదో తెలియాలి.

మనిషి పాదంలో 26 ఎముకలు ఉన్నాయి. వేళ్లకు వెనుకగా అయిదు పొడవాటి ఎముకలు, వాటికి వెనుక చీలమండ వైపు ఒకదానికొకటి ఒదిగి ఉన్న పొట్టి ఎముకల గుంపు ఉంటాయి. ఈ రెండు వరుసలు కలిసే చోటే, అంటే బూటు లేసు ముడి పడే ప్రాంతంలో, నడిపాదపు కీలు ఉంటుంది. నెపోలియన్ కాలపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు జాక్ లిస్‌ఫ్రాంక్ 1815లో ఈ కీలు వెంబడి పాదం ముందు భాగాన్ని తొలగించే పద్ధతిని వివరించాడు. ఎముకను రంపంతో కోయకుండా కీలు సందుల్లోంచే కత్తి నడిపే పద్ధతి కావడం వల్ల, మత్తుమందు లేని ఆ రోజుల్లో రోగి బాధపడే సమయం తగ్గింది. ఆయన పేరే కీలుకూ, తర్వాత గాయానికీ నిలిచిపోయింది.

పాత కోట గుమ్మాల మీద కమాను రాళ్లు ఒకదానినొకటి ఒత్తుకుంటూ నిలబడతాయి; నడినెత్తిన దిగిన రాయి మిగతావాటిని బిగించి ఉంచుతుంది. పాదాన్ని అడ్డంగా కోసి చూస్తే ఈ కీలు అటువంటి కమానే. అందులో నడిరాయి పని చేసేది రెండో వేలి పొడవాటి ఎముక మొదలు. అది పక్క ఎముకల కంటే కొంచెం వెనక్కి జరిగి, మూడు చీల ఆకారపు ఎముకల నడుమ ఏర్పడిన గూట్లోకి దిగి ఉంటుంది. రెండో వేలి నుంచి చిటికెన వేలి దాకా పక్కపక్క ఎముకల మొదళ్లను లిగమెంట్లు అడ్డంగా కలిపి ఉంచుతాయి గానీ, బొటనవేలి ఎముకకూ రెండోదానికీ మధ్య అలాంటి కట్టు లేదు. ఆ లోటు తీర్చేది పాదం లోపలి అంచున ఉన్న చీల ఎముక నుంచి రెండో వేలి ఎముక మొదలుకు ఏటవాలుగా సాగే ఒక గట్టి లిగమెంటు. లిస్‌ఫ్రాంక్ లిగమెంటు అంటే అదే. అది సాగినా తెగినా కమాను నడిరాయి వదులవుతుంది.

ఈ కీలు విషయంలో చాలామందికి తెలియని సంగతి, నాకు తర్వాత అన్నింటికన్నా ఉపయోగపడిన సంగతి ఒకటుంది. మోకాలు వంగాలి, భుజం తిరగాలి. నడిపాదంలో బొటనవేలి వైపు ఉన్న మూడు కీళ్లు మాత్రం దాదాపు కదలకూడదు. నడకలో మడమ నేల విడిచిన క్షణాన పాదం మొత్తం బిగుసుకుని, గడ్డపారలా బరువును ముందుకు ఎత్తాలి. ఆ క్షణంలో పాదం మధ్యలో మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల వదులు ఉన్నా శక్తి అక్కడే జారిపోతుంది, నొప్పి పుడుతుంది. చదును నేల మీద చిన్న అడుగులతో బాగానే నడిచినవారు మెట్లు ఎక్కేటప్పుడో, బస్సు అందుకోవడానికి నాలుగు అడుగులు వేగంగా వేసినప్పుడో చటుక్కున ఆగిపోవడానికి కారణం ఇదే.

సుమారు అయిదింట ఒక లిస్‌ఫ్రాంక్ గాయం మొదటి పరీక్షలో దొరకదని వైద్య గ్రంథాలు చెబుతాయి. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో బరువు లేని పాదం ఎముకలు తమ చోట్లోనే ఉన్నట్టు కనిపిస్తాయి. రోగిని నిలబెట్టి, రెండు పాదాలకూ కలిపి తీసినప్పుడే బొటనవేలి ఎముకకూ రెండోదానికీ మధ్య ఎడం బయటపడుతుంది. రెండో పాదంతో పోల్చినప్పుడు ఆ ఎడం 2 మిల్లీమీటర్లు మించితే అనుమానించాలి. మొదటి రోజుల్లో నిలబడలేకపోతే పది పదిహేను రోజుల తర్వాత మళ్లీ తీయించాలి, లేదా ఎమ్మారై, సీటీ స్కాన్‌లతో చూడాలి. ఇంట్లోనే గమనించదగ్గ గుర్తు ఒకటుంది: దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజుల్లో అరికాలి నడిమధ్య నీలిమచ్చ తేలడం. మామూలు బెణుకులో కమిలేది చీలమండ పక్కన. అరికాలు కమిలితే అది నడిపాదం గాయమని అనుకుని పరీక్ష చేయించుకోవడమే మంచిది. పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉన్న కుటుంబం మాది, ఆ నమ్మకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే 2 మిల్లీమీటర్ల ఎడం ఏ చేతి వేళ్లకూ తగలదు. కట్టు ఎవరిచేత కట్టించుకోదలచినా, ముందు నిలబడి తీసిన ఎక్స్‌రే చేతిలో ఉండాలి.

మధుమేహం ఉన్నవారికి మరో మాట చెప్పాలి. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉండి పాదాల స్పర్శ తగ్గినవారిలో, పెద్ద దెబ్బేమీ లేకుండానే నడిపాదం వేడెక్కి, ఎర్రబడి, వాచి, నొప్పి పెద్దగా తెలియకుండానే లోపల ఎముకలు కుంగిపోయే జబ్బు ఒకటుంది. దాన్ని చార్కో పాదం అంటారు. నొప్పి లేదు కదా అని నడిస్తే పాదపు వంపు శాశ్వతంగా కూలిపోతుంది. అలాంటివారు వాపు కనిపించిన రోజే పాదం మీద బరువు ఆపి వైద్యుణ్ణి కలవాలి.

గాయం ఖరారైతే చికిత్స ఒక ప్రశ్న మీద ఆధారపడుతుంది: కీలు బరువు కింద నిలుస్తోందా, విడిపోతోందా? లిగమెంటు సాగినా ఎముకలు కదలకుండా ఉంటే, దాదాపు ఆరు వారాలు సిమెంటు కట్టులోనో గట్టి బూటులోనో పాదాన్ని ఉంచి, చంకకర్రలతో నడిపించి, తర్వాత మెల్లగా బరువు మోపిస్తారు. విడిపోతుంటే ఆపరేషన్ కావాలి. స్క్రూలతోనో ప్లేట్లతోనో ఎముకలను చోట్లో నిలిపి లిగమెంటు అతుక్కునేదాకా ఆగడం ఒక దారి. ఎలాగూ కదలనవసరం లేని ఆ లోపలి కీళ్లను శాశ్వతంగా ఎముకతో ఎముకను అతికించడం రెండో దారి. కీలును అతికించేస్తామని వైద్యుడు అనగానే రోగి గుండె జారుతుంది, కాలు కర్రలా అయిపోతుందనిపిస్తుంది. కదలకపోవడమే ఆ కీళ్ల పని అని తెలిసినవారికి ఆ భయం చాలావరకు పోతుంది. ప్రధానంగా లిగమెంట్లే తెగిన 41 మందిని రెండు జట్లు చేసి పోల్చిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. అందులో మొదటే అతికించినవారి ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. ఆ తర్వాతా వైద్యుల మధ్య చర్చ ముగియలేదు, వయసునూ గాయం తీరునూ బట్టి ఎవరి నిర్ణయం వారిది. ఎముక విరిగిన గాయం కంటే లిగమెంటు మాత్రమే తెగిన గాయం తక్కువదని అనుకోవడం మాత్రం పొరపాటని ఆ చర్చంతా స్పష్టం చేసింది.

ఎముక విరిగితే ఎముకతోనే అతుకుతుంది. అతుకు పూర్తిగా ముదిరాక పాత ఎముకకూ దానికీ తేడా చెప్పడం కష్టం. లిగమెంటు తెగితే దాని చోట పుట్టేది మచ్చకణజాలం. రక్తప్రసారం తక్కువగా ఉండే చోటు గనుక అది పుట్టడమూ ఆలస్యమే. మొదటి కొద్ది రోజులు వాపు దశ, దెబ్బతిన్న కణాలను శరీరం ఏరివేసుకునే కాలం. తర్వాత దాదాపు ఆరు వారాల దాకా కొత్త పీచు అల్లుకుంటుంది. కానీ అది పలచని రకం కొలాజెన్ (లిగమెంటు పీచులోని ముఖ్యమైన మాంసకృత్తు), విప్పేసిన గోనెసంచి పీచులా అటూ ఇటూ చిందరవందరగా ఉంటుంది. ఆ పీచు గట్టి రకంగా మారి, లాగుడు ఎటువైపు పడుతోందో అటు వరుసగా సర్దుకునే దశ మూడోది. అది నెలల తరబడి, ఏడాదికి పైగా సాగుతుంది. ఆరు వారాల తర్వాత కట్టు విప్పిన రోజున రోగి పండగ చేసుకుంటాడు. లోపల గాయం అప్పటికి అల్లికే పూర్తిచేసుకుంది, బలం ఇంకా రాలేదు.

ఈ మూడో దశలోనే ఒక చిక్కు ఉంది, మానడం మీద వచ్చే సలహాల్లోని గందరగోళమంతా దాని నుంచే పుడుతుంది. ఏ బరువూ పడకపోతే కొత్త పీచుకు ఎటు సర్దుకోవాలో తెలియదు, బలహీనంగానే మిగులుతుంది. తాళలేనంత బరువు పడితే సాగిపోయి, సాగిన పొడవులోనే స్థిరపడుతుంది. అందువల్ల మొదటి ఆరు వారాల్లో మందులాంటి విశ్రాంతి నాలుగో నెలలో హాని చేయవచ్చు, నాలుగో నెలలో మందులాంటి నడక రెండో వారంలో పాదాన్ని పాడుచేయవచ్చు. నడువు అన్నవారూ నడవొద్దన్నవారూ ఇద్దరూ తమ తమ కాలానికి నిజమే చెబుతుంటారు. పైగా చేయి విరిగితే మెడకు తగిలించుకోవచ్చు. పాదాన్ని అలా పక్కన పెట్టలేం. నిలబడ్డ ప్రతిసారీ గాయం మీదే నిలబడాలి. ఈలోగా పిక్క కండరం కరిగిపోతుంది, అరికాలిలోని చిన్న కండరాలు పని మరిచిపోతాయి, తెలియకుండానే పాదం బయటి అంచు మీద నడవడం అలవాటై మోకాలూ నడుమూ నొప్పి పుడతాయి. పిక్క కండరం పంపులా పని చేసి కింది రక్తాన్ని పైకి తోస్తుంది గనుక, అది తగ్గితే సాయంత్రపు వాపు నెలల పాటు ఉంటుంది. ఆరో నెలలో సాయంత్రం పాదం వాచి తెల్లవారేసరికి తగ్గుతుంటే, కొత్తగా ఏదో తెగిందని భయపడనక్కర్లేదు.

అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు చెట్ హోమ్‌గ్రెన్‌కు 2022 ఆగస్టులో ఈ గాయమైంది. అంతకు రెండు నెలల ముందే, అక్కడి పెద్ద లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకున్నప్పుడు, అతణ్ణి రెండో స్థానంలోనే ఒక జట్టు తీసుకుంది. ఆపరేషన్ చేయించుకుని మొదటి సీజన్ మొత్తం, అంటే 2022-23 అంతా, ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తర్వాతి సీజన్‌లో మొత్తం 82 మ్యాచ్‌లూ ఆడాడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కామ్ న్యూటన్‌కు 2019 ఆగస్టులో, సీజన్‌కు ముందు జరిగే మ్యాచ్‌లో నడిపాదం దెబ్బతింది; సీజన్ మొదలవగానే రెండు మ్యాచ్‌లు ఆడి, ఆ తర్వాత దిగలేకపోయాడు. చివరికి డిసెంబరులో ఆపరేషన్ అయింది. ఇద్దరి గాయాలూ ఒకే తీరువని చెప్పలేం. అయినా ప్రపంచంలోకెల్లా మంచి వైద్యమూ ఫిజియోథెరపిస్టులూ గంటల కొద్దీ వ్యాయామమూ అందుబాటులో ఉన్న ఇరవై ఏళ్ల దేహానికే ఈ కీలు ఒక సీజన్ తీసుకుందంటే, ఇంటి పనీ ఉద్యోగమూ చేసుకుంటూ మానాల్సిన మన పాదం నాలుగు నెలలకు మామూలు కాలేదని కుంగిపోవడంలో న్యాయం లేదు. మూడు నాలుగు నెలలకు గట్టి అట్ట ఉన్న బూటుతో మామూలు నడక, ఆరు నెలలకు చురుకైన నడక, తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య పరుగు అన్నది చాలామందిలో కనిపించే క్రమం. ఆపరేషన్ అయినవారిలో కొందరికి మధ్యలో స్క్రూలు తీయించుకునే ఘట్టం ఒకటి అదనం.

ఇంతకూ మానుతోందని ఎలా తెలియాలి? రోజువారీ నొప్పిని కొలిస్తే పిచ్చెక్కుతుంది, ఎందుకంటే అది నిన్న ఎంతసేపు నిలబడ్డామన్నదాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నేను నేర్చుకున్న కొలత మరునాటి ఉదయం. కొత్తగా ఏదైనా చేసిన రోజున, పది నిమిషాలు ఎక్కువ నడిచినా, మెట్లు ఎక్కినా, మరుసటి తెల్లవారి పాదం ఎప్పటి స్థితికి వస్తే ఆ భారం సరిపోయినట్టు. తెల్లవారినా వాపూ నొప్పీ పెరిగే ఉంటే ఒక మెట్టు వెనక్కి తగ్గాలి, పూర్తిగా మానేయకూడదు. ఈ వారాన్ని పోయిన వారంతో పోలిస్తే నిరాశే మిగులుతుంది. ఈ నెలను పోయిన నెలతో పోల్చాలి. నోటు పుస్తకంలో వారానికి రెండు వాక్యాలు రాసుకున్నందువల్లే, మూడో నెలలో కూరగాయల సంచితో వీధి చివరిదాకా నడవలేకపోయిన సంగతి అయిదో నెలలో నాకు గుర్తుకొచ్చింది. పాక్షికంగా బరువు మోపమని వైద్యుడు చెప్పినప్పుడు ఎంత బరువో తెలియక అందరూ తికమకపడతారు. ఇంట్లో బరువు చూసుకునే యంత్రం మీద ఆ పాదాన్ని మెల్లగా అదిమితే, పదిహేను కిలోలంటే ఎంతో పాదానికే తెలుస్తుంది.

మన ఇళ్లు ఈ గాయానికి అనుకూలమైనవి కావు. గడప దాటగానే చెప్పులు విప్పి చలువరాతి మీదో టైల్సు మీదో వట్టికాళ్లతో తిరగడం మన పద్ధతి. మానుతున్న నడిపాదానికి గట్టి నేల మీద ఆధారం లేని అడుగంత చేటు మరొకటి లేదు. ఇంట్లోకి ప్రత్యేకంగా, వంగని అట్టా వంపుకు ఆనే ఎత్తూ ఉన్న చెప్పుల జత ఒకటి పెట్టుకోవాలి, పెద్దవాళ్లకు కారణం చెబితే కాదనరు. బయటికి ముందు భాగం కొంచెం పైకి తేలి పడవ అడుగులా దొర్లే బూటు అయితే పాదం మధ్యలో వంగకుండానే అడుగు పడుతుంది. గొంతుకూర్చోవాల్సిన మరుగుదొడ్డి, నేల మీద కూర్చుని లేవడం, రెండూ పాదాన్ని సరిగ్గా గాయం చోటే వంచుతాయి. కొన్ని నెలలు కుర్చీ కమోడు, ఎత్తు పీట తప్పవు. మోటారు సైకిలు గేరు ఎడమ పాదంతో పైకి లేపాలి గనుక ఎడమ కాలి గాయమైతే స్కూటరే మేలు, కిక్కు కొట్టడం ఏ కాలితోనూ వద్దు. వంటింట్లో నిలబడే గంటలను ఎవరూ శ్రమగా లెక్కపెట్టరు. ఒకే చోట కదలకుండా నిలబడడం నడక కంటే ఎక్కువ వాపు తెస్తుంది, అందుకని స్టవ్వు దగ్గర ఎత్తు స్టూలు వేసుకోవడం ఈ చికిత్సలో భాగమే. వ్యాయామం విషయంలో క్రమం ముఖ్యం: కూర్చుని మడమలు ఎత్తడం, నిలబడి రెండు కాళ్లతో ఎత్తడం, చివరికి ఒంటికాలితో ఎత్తడం. వేళ్లు ముడవకుండా అరికాలి వంపును మాత్రం పైకి లాగడం చూడ్డానికి చిన్న పని, కుదరడానికి నాకు వారాలు పట్టింది.

ఓపికతో పోనివ్వకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి. మూడో నెల దాటాక కూడా నెలతో నెలను పోల్చినప్పుడు ఏ మార్పూ లేకపోవడం. నిలబడితే పాదపు వంపు కుంగుతూ, పాదం ముందు భాగం బయటికి తిరుగుతూ ఉండడం. మడమ ఎత్తబోతే పాదం మధ్యలో ఏదో జారుతున్నట్టు అనిపించడం, ఇవి కీలు విడిపోతోందనడానికి సూచనలు. అప్పుడు నిలబడి మళ్లీ ఎక్స్‌రే తీయించుకోవాలి. దుప్పటి అంచు తగిలినా మంటపుట్టి, చర్మం రంగూ వేడీ మారుతూ, చెమట పడుతూ, గాయానికి మించిన నొప్పి ఉంటే అది నరాల తీరు మారిన వేరే జబ్బు కావచ్చు. ఎంత త్వరగా గుర్తిస్తే అంత మేలు. కట్టులో ఉన్న రోజుల్లో పిక్క గట్టిపడి నొప్పిపుట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమోనని ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. పొగతాగడం గాయం మానడాన్ని మందగింపజేస్తుంది. అదుపులో లేని చక్కెర కూడా అంతే.

ఇవన్నీ తెలిశాక కూడా మిగిలిపోయే బరువు ఒకటుంది. కట్టు ఉన్నంతకాలం అందరూ తలుపు పట్టుకుంటారు, కుర్చీ ఇస్తారు. కట్టు విప్పాక గాయం ఎవరికీ కనిపించదు, అసలు కష్టమైన నెలలు అప్పుడే మొదలవుతాయి. "ఇంకా తగ్గలేదా?" అన్న ప్రశ్నలో ప్రేమ ఉన్నా, పదోసారి విన్నప్పుడు అది నేరం మోపినట్టే ఉంటుంది. ఆ ప్రశ్నకు నేను జవాబు మార్చుకున్నాను. తగ్గిందనో తగ్గలేదనో చెప్పకుండా, ఇది ఏడాది పట్టే గాయమనీ, ఇప్పుడు ఏడో నెలనీ, అరగంట నడవగలననీ, పెళ్లికి వస్తాను గానీ వరుసలో నిలబడలేననీ చెప్పడం మొదలుపెట్టాను. లెక్క తెలిసేసరికి ఇంట్లోవాళ్లు కంగారు తగ్గించుకున్నారు. మా అమ్మ గుడికి వెళ్లినప్పుడల్లా నేను ప్రదక్షిణ చేయలేననే సంగతి తనే ముందు చెప్పి, మండపంలో నాకొక చోటు చూపించేది.

పదకొండో నెలలో ఒక ఉదయం, అటక మీది ఇత్తడి గిన్నె కోసం చేయి చాచి అందుకుని కిందికి దించాను. గిన్నె బల్ల మీద పెట్టాక గానీ, గాయమైన పాదం మునివేళ్ల మీద ఒంటికాలితో నిలబడి దాన్ని తీశానన్న సంగతి గమనించలేదు. ఉదయం మొదటి పది అడుగులకు ఆ పాదం ఇప్పటికీ బిగుసుకునే ఉంటుంది.